డిగ్రీలోకి ఈవీఎస్ పేపర్ ఎలా వచ్చింది?

డిగ్రీలో ఏ గ్రూపు తీసుకున్నా ఈవీఎస్, అంటే పర్యావరణ అధ్యయనం పేపర్ తప్పదు. బీకాం వాళ్లూ రాయాలి, బీఏ తెలుగు వాళ్లూ రాయాలి. అయితే ఇది యూనివర్సిటీలు ముచ్చటపడి పెట్టుకున్న పేపర్ కాదు. సుప్రీంకోర్టు చెబితే వచ్చింది.

1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 51ఎ(జి) అధికరణ ప్రకారం ప్రకృతిని కాపాడటం ప్రతి పౌరుడి విధి. అసలు సంగతే తెలియనివాళ్లు ఆ విధిని ఎలా పాటిస్తారు? న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన ప్రజాహిత వ్యాజ్యం సారాంశం ఇదే. 1991 నవంబర్ 22న తీర్పు వచ్చింది. సినిమా హాళ్లలో ప్రతి ఆటకూ పర్యావరణం మీద కనీసం రెండు స్లైడ్లు ఉచితంగా వేయాలని, రేడియో, దూరదర్శన్ రోజూ కొన్ని నిమిషాలు కేటాయించాలని కోర్టు చెప్పింది. కాలేజీల్లో దీన్ని తప్పనిసరి సబ్జెక్టు చేసే విషయం యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) చూడాలంది.

తీర్పు కాగితం మీదే ఉండిపోయింది. మెహతా మళ్లీ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 2003 డిసెంబర్‌లో, అంటే పుష్కరం తర్వాత, బడుల్లో పర్యావరణ సిలబస్ అమలు చేసి తీరాలని కోర్టు గట్టిగా చెప్పింది. డిగ్రీ విద్యార్థుల కోసం యూజీసీ ఆరు నెలల కోర్సు తెచ్చిందీ ఆ రోజుల్లోనే. పుణెకు చెందిన ఎరక్ భరూచా ఆధ్వర్యంలోని నిపుణుల కమిటీ దాన్ని తయారుచేసింది.

ఆ సిలబస్ ఇప్పుడు చదివినా బాగుంటుంది. మొత్తం 50 పీరియడ్లు, అందులో 5 ఫీల్డ్ వర్క్‌కు. మార్కుల్లో మాత్రం దాని వాటా 100కి 25. దగ్గర్లోని చెరువో గుట్టో చూడాలి, కాలుష్యం ఉన్న చోటుకు వెళ్లాలి, చుట్టుపక్కల మొక్కల్ని, పురుగుల్ని, పక్షుల్ని గుర్తుపట్టాలి.

చాలాచోట్ల జరిగింది వేరు. సీనియర్ రికార్డు తెచ్చుకుని రాత్రికి రాత్రి దింపేయడం, స్కెచ్ పెన్నుతో ఒక ఆహారపు గొలుసు గీయడం, నెట్‌లో దొరికిన ఏదో చెరువు ఫొటో ప్రింట్ తీసి అంటించడం. ఊళ్లో చెరువు ఉన్నా సరే! పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు. ఈ పేపర్‌కు విడిగా పోస్టులు లేని కాలేజీల్లో పీరియడ్లు ఖాళీగా ఉన్న లెక్చరర్‌కే దీన్ని అప్పగించారు. వంద మందిని వెంటేసుకుని బయటికెళ్లే ఓపిక, బస్సు ఖర్చు ఎవరికుంటాయి?

జాతీయ విద్యా విధానం 2020 వచ్చాక, 2023లో యూజీసీ డిగ్రీ స్థాయి పర్యావరణ విద్యకు కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. సుస్థిర అభివృద్ధి, వాతావరణ మార్పులు ఇప్పుడు అందులో ప్రధాన పాఠాలు. ఫీల్డ్ వర్క్ కూడా ఉంది. దాన్ని చేయించడానికి మనుషుల్ని ఇస్తారా అన్నది కాలేజీలు ఇప్పటికీ అడుగుతున్న ప్రశ్న.