ఇసుక వయసు, రాతి వయసు: మజెడ్‌బెబె తగువు వెనక

ఆస్ట్రేలియా ఉత్తరాన, ఆర్నెమ్ లాండ్ ఇసుకరాతి కొండల అంచున, ఆదివాసులైన మిరార్ ప్రజల నేలలో ఉంది మజెడ్‌బెబె. పాత నివేదికల్లో దీని పేరు మలకునంజా-2. ఇది గుహ కాదు. ముందుకు వాలిన కొండగోడ, దాని కింద మీటర్ల లోతున ఇసుక మేట. ఇక్కడ అడుగు పొరలో దొరికిన రాతి పనిముట్లకు సుమారు 65,000 ఏళ్లని 2017లో 'నేచర్' పత్రిక ప్రచురించింది. ఆ అంకె మీద తగువు ఇంకా తెగలేదు. లెక్కగట్టింది ఇసుక వయసు. పనిముట్టు ఆ ఇసుకతో పాటే అక్కడికి చేరిందా అన్నదే పేచీ.

1973లో ఇక్కడ మొదటిసారి తవ్వినప్పుడు చేతిలో ఉన్న సాధనం రేడియోకార్బన్: బొగ్గు లాంటి వాటిలో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను బట్టి వయసు కట్టే పద్ధతి. ఆ కార్బన్ అర్ధాయువు, అంటే సగానికి తరిగే కాలం, 5,730 ఏళ్లు కాబట్టి 40,000 ఏళ్ల బొగ్గులో మిగిలేది 1 శాతం లోపే. ఎంత పాత బొగ్గైనా సరే, అందులో 1 శాతం కొత్త కార్బన్ చేరితే 37,000 ఏళ్లదిగా కనిపిస్తుంది. కుళ్లిన వేళ్ల రసం ఆ పని సులువుగా చేస్తుంది.

అందుకే 1989లో పరిశోధకులు రిచర్డ్ రాబర్ట్స్, రైస్ జోన్స్, మైక్ స్మిత్ ఇసుకనే అడిగారు. పలుగురాతి రేణువు మట్టిలో పూడాక చుట్టూ ఉన్న యురేనియం, థోరియం, పొటాషియం వికిరణాన్ని కూడబెట్టుకుంటుంది. ఎండ తగిలితే ఆ ఖాతా సున్నా అవుతుంది. ప్రయోగశాలలో వేడిగానీ వెలుగుగానీ తగిలిస్తే రేణువు వెలుగుతుంది; ఆ వెలుగును బట్టే కూడిన మోతాదు తెలుస్తుంది. కూడిన మోతాదును ఏడాది మోతాదుతో భాగిస్తే పూడిన కాలం వస్తుంది. 1990లో వాళ్లు ప్రచురించిన అంకె 50,000–60,000 ఏళ్లు.

ఈ పద్ధతి ఎక్కడ దెబ్బతింటుందో 1996లో ఉత్తర ఆస్ట్రేలియాలోనే ఉన్న జిన్మియం అనే మరో చోటు చూపించింది. అక్కడి పనిముట్లకు లక్ష ఏళ్లు దాటాయని ప్రకటించారు. రెండేళ్లకే ఒక్కో రేణువునూ విడిగా కొలిస్తే ఆ వయసు 10,000 ఏళ్ల లోపుకు పడిపోయింది. మేటలోనే శిథిలమవుతున్న ఇసుకరాతి ముక్కల నుంచి ఎండ ముఖం చూడని రేణువులు రాలి కలిశాయి. ఉదాహరణకు 95 రేణువులు 10,000 ఏళ్లవి, 5 రేణువులు 5 లక్షల ఏళ్లవి అనుకుందాం. అన్నీ సమానంగా వెలిగితే సగటు 34,500! గుప్పెడు ఇసుకను కలిపి కొలిస్తే ఈ మోసం కనబడదు.

పురావస్తు శాస్త్రవేత్త క్రిస్ క్లార్క్‌సన్ బృందం 2012, 2015లో మజెడ్‌బెబెను మళ్లీ తవ్వినప్పుడు ఈ పాఠం గుర్తుంది. గోతి గోడలోకి గొట్టం దిగగొట్టి, వెలుగు సోకకుండా మూతలు బిగిస్తారు. ప్రయోగశాలలో మసక ఎర్ర దీపం కింద, గొట్టం కొసల్లో వెలుగు తగిలిన ఇసుకను పక్కన పెట్టి, లోపలిదాన్ని జల్లెడ పడతారు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో రేణువుల పైచర్మం తీసేసి, 100 గుంటల బిళ్లలో గుంటకొకటి చొప్పున పెట్టి లేజర్ తగిలిస్తారు. గామా కిరణాలు దాదాపు 30 సెంటీమీటర్ల దూరం నుంచీ వస్తాయి కనుక, పక్కనే పెద్ద బండ ఉంటే ఏడాది మోతాదు మారిపోతుంది. తేమ సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు గానీ, నీరు కొంత వికిరణాన్ని మింగేస్తుంది కాబట్టి దాన్ని 1 శాతం తక్కువ వేస్తే వయసూ సుమారు 1 శాతం తగ్గుతుంది.

ఇంత చేసినా తెలిసేది రేణువు సంగతే. 2018 తర్వాత విమర్శకులు చెదల వైపు వేలు చూపారు. చెదలు సన్నని ఇసుకను పైకి మోసి పుట్ట కడతాయి, వాన దాన్ని పరిచేస్తుంది. మోయలేని రాళ్లు మెల్లగా కిందికి దిగి ఒక వరుసలో కుదురుకుంటాయి. దిగువ ఉన్న దట్టమైన పనిముట్ల పొర అలాంటి వరుసే కావచ్చన్నది వాళ్ల వాదన. మన పూర్వీకులు నియాండర్తల్ అనే మరో మానవజాతితో కలిసింది సుమారు 50,000 ఏళ్ల నాటిదని జన్యువులు చెబుతున్నాయి. ఆదివాసుల్లోనూ ఆ జాడ ఉంది, అంటే వాళ్ల పూర్వీకులు ఆ కలయిక తర్వాతే ఆస్ట్రేలియా చేరి ఉండాలి కాబట్టి 65,000 పొసగదని మరో అభ్యంతరం. ఇందులో రెండోది జవాబు చెప్పడానికి మరింత కష్టమైనది: మొదట వచ్చినవాళ్లు నేటివారి పూర్వీకులే కానక్కర్లేదని అనవచ్చు గానీ, దాన్ని తవ్వి చూపలేం.

చెదల ప్రశ్నను మాత్రం తవ్వకంలోనే పరీక్షించవచ్చు. ఒకే రాయి నుంచి చెక్కిన పెచ్చులను తిరిగి అతికించి, అవి ఎంత లోతు తేడాలో దొరికాయో చూస్తారు. మజెడ్‌బెబెలో అతికిన ముక్కలు పెద్దగా కదల్లేదన్నది తవ్వినవారి జవాబు.

క్లార్క్‌సన్ మన కర్నూలు ప్రాంతపు జ్వాలాపురం పనిముట్ల మీదా పనిచేశారు. అక్కడ ఇసుకతో పాటు ఇంకో సాక్షి ఉంది: సుమత్రాలో దాదాపు 74,000 ఏళ్ల కింద పేలిన టోబా అగ్నిపర్వతపు బూడిద. అయితే అక్కడా ఆ బూడిద పడినచోటే ఉందా, నీటికి కొట్టుకొచ్చి మేట వేసిందా అని మొదట అడగాల్సిందే.