బేస్ ట్రంపెట్: పేరు చూసి యుఫోనియం అమ్ముకోకండి

ఈ పెళ్ళిళ్ళ సీజన్లో బేస్ ట్రంపెట్ పట్టుకుని ఇదే గోడుతో వచ్చినవాళ్ళలో ఇతను మూడోవాడు. పర్లాకిమిడి వైపు బ్యాండు కుర్రాడు. బస్సు దిగి నేరుగా బరంపురంలో మా రిపేరు షెడ్డుకొచ్చేశాడు. దుప్పట్లో చుట్టి తెచ్చిన బేస్ ట్రంపెట్ బల్ల మీద పెట్టి, "మాస్టారూ, ఎంత ఊదినా స్వరం కిందికి దిగట్లేదండి. ఎక్కడో గాలి పోతున్నట్టుంది, ఒకసారి చూడండి" అన్నాడు.

చూశాను. గాలి ఎక్కడా పోవడం లేదు, వాయిద్యం నిక్షేపంలా ఉంది. పోయిందల్లా ఇంట్లో ఉన్న యుఫోనియం, అదే చిన్న ట్యూబా లాంటి వాయిద్యం. దాన్ని అమ్మేసి, పైన అప్పు చేసి మరీ ఇది కొన్నాడు. "ఇందులో బేసూ వస్తాది, ఊరేగింపులో మొయ్యడానికీ తేలిక" అని ఎవరో చెప్పారట. ఆ 'ఎవరో' నాకు ఇంతవరకు దొరకలేదు. దొరికితే ఒక పూట కూర్చోబెట్టి మాట్లాడాలని ఉంది.

అపోహ: పేరులో బేస్ ఉంది కాబట్టి అడుగు స్వరం (బ్యాండులో అన్నిటికంటే కింది గొంతు) ఇదే మోస్తుంది

మొయ్యదు. ఇక్కడ బేస్ అంటే ట్రంపెట్ల ఇంట్లో కిందివాడు అని, అంతే. మన మామూలు బి-ఫ్లాట్ (ఇది శ్రుతి పేరు) ట్రంపెట్ గొట్టం సాపు చేస్తే 4.5 అడుగులు. బి-ఫ్లాట్ బేస్ ట్రంపెట్‌ది 9 అడుగులు, కాబట్టి సరిగ్గా ఒక స్థాయి కింద పలుకుతుంది. మరి 9 అడుగుల వాయిద్యం ఇంకేముంది? టెనర్ ట్రాంబోన్. ఒంటికి చుట్టుకుని మోసే పెద్ద వాయిద్యం, బి-ఫ్లాట్ సూసాఫోన్‌ది 18 అడుగులు. బ్యాండుకి అడుగు స్వరం వేసేది అది.

అసలు తమాషా ఏమిటంటే, ఆ కుర్రాడు అమ్ముకున్న యుఫోనియం కూడా 9 అడుగులదే. అంటే ఉన్న స్థాయినే అమ్మి, మళ్ళీ అదే స్థాయిని అప్పు చేసి కొన్నాడన్నమాట. తేడా గొట్టం లావులో ఉంది. యుఫోనియం గొట్టం గరాటులా వెడల్పవుతూ పోతుంది, అందుకే దాని గొంతు లావుగా, మెత్తగా ఉంటుంది. బేస్ ట్రంపెట్‌ది చాలా దూరం ఒకే లావు, సుమారు 12 నుంచి 13 మిల్లీమీటర్లు. అందుకే గొంతులో మెరుపు, కాస్త కరుకు. చెవికి ఇది యుఫోనియం కంటే పలచగా వినబడుతుంది. "కిందికి దిగట్లేదు" అని అతనికి అనిపించింది అందుకే.

దీన్ని పెద్ద ఆర్కెస్ట్రాలోకి తెచ్చిన జర్మన్ సంగీతకర్త వాగ్నర్ కూడా దీని మీద అడుగు స్వరం బరువు పెట్టలేదు. 1876లో జర్మనీలోని బైరాయిత్‌లో మొదటిసారి పూర్తిగా ఆడిన ఆయన 'రింగ్' సంగీత నాటకాల్లో బేస్ ట్రంపెట్ ఉంది. అడుగు స్వరానికి మాత్రం ట్యూబాలూ, కాంట్రాబేస్ ట్రాంబోనూ వేరే పెట్టుకున్నాడు. చెక్ సంగీతకర్త యానాచెక్ 1926 నాటి 'సిన్ఫోనియెట్టా'లో రెండు బేస్ ట్రంపెట్లు వాడాడు. జాజ్‌లో వుడీ హెర్మన్ బృందంలో సై టఫ్ దీన్నే వాయించేవాడు. ఎక్కడ చూసినా మధ్య గొంతు పనే.

కాబట్టి మీ బ్యాండులో ట్రాంబోన్ భాగం ఖాళీగా ఉంటే కొనండి, భేషైన వస్తువు. అడుగు స్వరం ఖాళీగా ఉంటే కొనకండి.

అపోహ: ట్రంపెట్ వాడికి ఇది ఒక్కరోజు పని

వేళ్ళకి ఒక్కరోజే. కాగితం మీద స్వరాలు రాసే పద్ధతి కూడా ట్రంపెట్‌దే, అదే ట్రెబుల్ క్లెఫ్. పెదాల సంగతి వేరు. ట్రంపెట్ మౌత్‌పీస్ గిన్నె లోపలి వెడల్పు 16, 17 మిల్లీమీటర్లు. దీనికి పెట్టేది చిన్న కాడ ట్రాంబోన్ మౌత్‌పీస్, 24 నుంచి 25 పైచిలుకు. అందుకే ఆర్కెస్ట్రాల్లో దీన్ని సాధారణంగా ట్రాంబోన్ వాళ్ళకే ఇస్తారు. సందు పూడ్చే గొట్టపు ముక్క (బుష్) వేసి ట్రంపెట్ మౌత్‌పీస్ బిగించమని నా దగ్గరికి వస్తుంటారు. నేను బిగించను. శ్రుతీ పోతుంది, గొంతూ పోతుంది.

నేనూ ట్రంపెట్ వాడినే, ఈ దెబ్బ తిన్నవాడినే. రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి జాతరకి, వారం రోజులు సాధన చేసి, గొప్పగా ఇది మెడకేసుకుని బయల్దేరాను. రెండు వీధులు దాటేసరికి పెదాలు చచ్చిపోయాయి. ప్రతి స్వరమూ 'ఫు' అని మొదలై ఎక్కడో తేలేది. పక్కన మహురి (సన్నాయి లాంటిది) ఊదుతున్న పెద్దాయన వాయించడం ఆపి మరీ వెనక్కి తిరిగి చూశాడు. మా చిన్నాన్న ట్రాంబోన్ మనిషి. ఏమీ అనకుండా నా చేతిలోంచి లాక్కుని, నీళ్ళు తాగినట్టు వాయించేశాడు. మిగతా జాతరంతా ఆయన ట్రాంబోన్ నేను మోశాను.

రోటరీయే గొప్పదా, పిస్టనా?

గుండ్రంగా తిరిగే వాల్వు రోటరీ, పైకీ కిందికీ ఆడే వాల్వు పిస్టన్. రెండూ మంచివే. జర్మన్ పద్ధతిలో రోటరీ, మిగతాచోట పిస్టన్. కానీ బరంపురం నుంచి గుణుపురం, రాయగడ దాకా రోటరీ వాల్వు విప్పి మళ్ళీ సరిగ్గా కూర్చోబెట్టేవాళ్ళని లెక్కపెట్టడానికి ఒక చెయ్యి ఎక్కువ. పిస్టన్ అయితే మీరే కడిగి, నూనె వేసుకోవచ్చు. నా ఓటు పిస్టన్‌కే.

సి, బి-ఫ్లాట్, ఇ-ఫ్లాట్ అని గాభరా పడొద్దు. బ్యాండుకి బి-ఫ్లాట్. నికెల్ పూతా, బంగారు రంగా అన్నది పెళ్ళివారి ముచ్చట. బ్యాండు వాయిద్యాలు తయారయ్యే మీరట్ సరుకంతా చెత్త అనేది ఒట్టి మాట. ఏ ఊరిదైనా పీస్ పీస్‌నీ ఊది చూసుకోవాల్సిందే.

నిజంగా చూడాల్సింది మూడో స్లైడు, అంటే మూడో వాల్వుకి ఉండే జరిగే గొట్టం. విడివిడిగా నొక్కితే సరిపోయే గొట్టం, వాల్వులు కలిపి నొక్కితే చాలదు, స్వరం పైకి పోతుంది. 9 అడుగుల వాయిద్యంలో మూడూ కలిపి నొక్కినప్పుడు లెక్క ప్రకారం సుమారు 12 సెంటీమీటర్ల గొట్టం తక్కువ. అంటే స్లైడు 6 సెంటీమీటర్లు జరగాలి, ట్రంపెట్‌లో అయితే ఇందులో సగమే. తయారీలో మూడో స్లైడుని కాస్త పొడుగుంచి కొంత సర్దుతారు, మొత్తం కాదు. కాబట్టి వేలి ఉంగరంతో స్లైడు వాయిస్తుండగానే జరగాలి, లేదా నాలుగో వాల్వు ఉండాలి. అది ఒకటి-మూడు కలయిక బదులు పనిచేస్తుంది. స్లైడు బిగుసుకుపోయి ఉంటే, ధర ఎంత తగ్గించినా వెనక్కి ఇచ్చేయండి.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంకో పరీక్ష. వాల్వు నొక్కకుండా దాని స్లైడు ఊడిపోకుండా కొంత లాగి, అప్పుడు వాల్వు నొక్కండి. 'ఫట్' మనాలి. అనకపోతే ఆ వాల్వు అరిగింది. సొట్టలకి భయపడకండి, అవి నేను తీస్తాను. అరిగిన వాల్వుని కొత్తది చెయ్యడం నా చేతిలో లేదు.

పర్లాకిమిడి కుర్రాడి వాల్వులు మూడూ ఫట్‌మన్నాయి. "మరిప్పుడు ఏటి చెయ్యమంటారు మాస్టారూ?" అన్నాడు, కళ్ళల్లో నీళ్ళొక్కటే తక్కువ. "దీన్ని అమ్ముకోకు తమ్ముడూ" అన్నాను. వాళ్ళ బ్యాండులో ట్రాంబోన్ తాత ఈ ఏడు మానేశాడట. ఆయన మౌత్‌పీస్ అడిగి తెచ్చుకోమన్నాను, ఆ భాగమే వాయిస్తున్నాడు. యుఫోనియం కొన్నవాళ్ళు మాత్రం ఎంత అడిగినా తిరిగి ఇచ్చేది లేదన్నారు.