సోక్రటీస్ కేసు: ఫిర్యాదులో లేని పేరు

సోక్రటీస్‌కు ఏథెన్స్ వేసిన మరణశిక్ష న్యాయమేనా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. 2012లో అదే నగరంలో ఒనాసిస్ ఫౌండేషన్ పదిమంది జడ్జీల ముందు ఈ కేసును తిరిగి నడిపిస్తే ఓట్లు 5-5గా చీలాయి. విషం గిన్నె కథ అందరికీ తెలిసిందే. దానికి ఐదేళ్ల ముందు ఏం జరిగిందో మాత్రం తక్కువమందే చెబుతారు.

క్రీ.పూ. 404లో స్పార్టా చేతిలో ఓడిన ఏథెన్స్‌లో ప్రజాపాలన కూలింది. స్పార్టా అండతో ముప్పై మంది గద్దెనెక్కారు. కొద్ది నెలల్లోనే సుమారు 1,500 మందిని చంపించారు, ఆస్తులు లాక్కున్నారు. వాళ్లలో ముఖ్యుడు క్రిటియాస్. ఒకప్పుడు సోక్రటీస్ వెంట తిరిగినవాడు, సోక్రటీస్ శిష్యుడైన ప్లేటోకు తల్లి వైపు బంధువు. తర్వాత సోక్రటీస్ మీద కేసు పెట్టిన ముగ్గురిలో పలుకుబడి ఉన్న అనైటస్ ఆ రోజుల్లో ఊరు విడిచి, ఆస్తి పోగొట్టుకున్నాడు. 403లో ప్రజాపాలనను తిరిగి తెచ్చినవాళ్లలో అతనూ ఒకడు. అతన్ని ఉత్త మతమౌఢ్యుడిగా చూపించడం అన్యాయం.

గెలిచి వచ్చినవాళ్లు ఊచకోతకు దిగలేదు. పాత పగలు తవ్వబోమని ఊరంతా ప్రమాణం చేసింది. నా దృష్టిలో ఈ కేసుకు తాళంచెవి ఆ ప్రమాణమే. అది ఏథెన్స్‌ను మరో అంతర్యుద్ధం నుంచి కాపాడింది. కానీ దాని వల్లే, క్రిటియాస్‌కు గురువన్న నేరం సోక్రటీస్ మీద మోపే దారి లేకపోయింది. 399లో ఫిర్యాదులో రాసింది వేరు: నగర దేవుళ్లను ఒప్పుకోడు, కొత్త దేవతలను తెస్తున్నాడు, కుర్రాళ్లను చెడగొడుతున్నాడు. ఆ చివరి మాట విన్నప్పుడు జ్యూరీలోని దాదాపు 500 మందికి ఎవరు గుర్తొచ్చి ఉంటారు? తండ్రినో అన్ననో ఆ ముప్పై మంది పొట్టన పెట్టుకున్న ఇళ్లవాళ్లు వాళ్లలో లేకుండా ఉంటారా?

సోక్రటీస్ వైపు వాదన ప్లేటో రాసి పెట్టాడు. సలామిస్‌కు చెందిన లియోన్‌ను పట్టుకురమ్మని ఆ ముప్పై మంది ఐదుగురిని పంపితే, నలుగురు వెళ్లారు, సోక్రటీస్ ఇంటికి వెళ్లిపోయాడు. దానికి గుండె ధైర్యం కావాలి, కాదనను. లియోన్ మాత్రం బతకలేదు.

క్రీ.పూ. 345లో ఎస్కినీస్ అనే వక్త మరో కేసులో ఏథెన్స్ జ్యూరీ ముందు నిలబడి, క్రిటియాస్‌కు చదువు చెప్పాడనే మీరు సోక్రటీస్‌ను చంపారు అన్నాడు. అందరికీ తెలిసిన సంగతిలా చెప్పాడు.