ఆ పది శాతం మాట ఎక్కడిది?

తిరుపతిలో యూనివర్సిటీ దగ్గరి జిరాక్సు షాపులో, థీసిస్ బైండింగ్‌కి వచ్చిన మా జూనియర్ ఒకమ్మాయి అడిగింది: "అక్కా, పది శాతం దాకా ఎవరిదైనా వాడుకోవచ్చంట కదా?" అన్నమయ్య కీర్తనల మీద నాలుగేళ్ల కష్టం ఆమె ఒళ్లో ఉంది. తిరగేస్తే, ఒక పుస్తకం నుంచి స్కాన్ చేసిన రాగిరేకు ఫోటో, నెట్‌లో దొరికిన మ్యాపు. కింద "సోర్స్: గూగుల్".

ఆ పది శాతం కాపీరైట్ చట్టంలో ఎక్కడా లేదు. 2018లో యూజీసీ (యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) ప్లేజియరిజం మీద, అంటే ఇతరుల రాతను తనదిగా చూపుకోవడం మీద, తెచ్చిన నిబంధనల్లోది. ఇతరుల రాతతో పోలిక పది శాతం దాటకపోతే శిక్ష ఉండదని మాత్రమే దానర్థం. పేరు చెప్పకుండా వాడుకోవడం ఒక తప్పు, హక్కుదారుని అడగకుండా అచ్చేయడం వేరే తప్పు.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని 52వ సెక్షన్ చదువుకునేవాళ్ల పక్షాన గట్టిగానే నిలబడింది. సొంత పరిశోధనకు, విమర్శకు, సమీక్షకు న్యాయంగా వాడుకోవచ్చు, పాఠం కోసం టీచరైనా విద్యార్థైనా నకలు తీసుకోవచ్చు. ఎన్ని పేజీలన్నది మాత్రం చెప్పలేదు. గొడవ అక్కడే వచ్చింది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు ఢిల్లీ యూనివర్సిటీ మీద, అక్కడి రామేశ్వరి జిరాక్సు షాపు మీద కేసు వేశాయి. పాఠ్యాంశాలకు కావలసిన అధ్యాయాలను కలిపి బైండు చేసి అమ్మడమే ఆ షాపు నేరమన్నాయి. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ దావా కొట్టేసింది. డిసెంబరులో అదే కోర్టు డివిజన్ బెంచి (ఇద్దరు జడ్జీలు), పేజీల లెక్క కాదు, బోధనకు ఎంత అవసరమన్నదే కొలత అంది. మరుసటి ఏడాది ప్రచురణకర్తలు కేసు వెనక్కి తీసుకున్నారు. పుస్తకం మొత్తం జిరాక్సు తీసి అమ్ముకోవచ్చని దీనర్థం కాదు. అయినా పుస్తకం కొనలేని పిల్లలకు ఇది పెద్ద అండ అని నా నమ్మకం.

మరి థీసిస్‌కి ఇబ్బందేంటి? ఒకప్పుడు అది లైబ్రరీ బీరువాలో ఉండేది. 2009 యూజీసీ నిబంధనల తర్వాత సాఫ్ట్ కాపీ కూడా ఇవ్వాలి, దేశంలోని థీసిస్‌లు పెట్టే శోధగంగ వెబ్‌సైట్‌లో అది ప్రపంచమంతా చదవొచ్చు. నాలుగు వాక్యాలు ఎత్తి చర్చిస్తే విమర్శ కిందికి వస్తుంది. అందానికి అతికించిన ఫోటోకి ఆ రక్షణ దొరకడం కష్టం.

అన్నమయ్య 1503లో కన్నుమూశారు, ఆయన పదాలు అందరివీ. కానీ నిన్నమొన్నటి పీఠిక, వ్యాఖ్యానం, కట్టిన స్వరం, తీసిన ఫోటో, వేటి హక్కు వాటికే ఉంటుంది. రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. మొదట అది 50 ఏళ్లే. ఠాగూర్ రచనల గడువు 1991 చివరికి తీరిపోతుండగా పెంచారు.

ఓపెన్ యాక్సెస్ (పరిశోధనలు ఎవరైనా ఉచితంగా చదివేలా ఉంచడం) అన్న మాట 2002లో బుడాపెస్ట్ ప్రకటనతో ఊపందుకుంది. తన పనిని ఇతరులు ఎలా వాడుకోవచ్చో హక్కుదారే ముందుగా చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులూ అదే ఏడాది వచ్చాయి. ఫ్రీగా దొరికిందీ, ఫ్రీగా వాడుకోమన్నదీ ఒకటి కాదు. ఆ లైసెన్సుల్లో సీసీ బీవై (CC BY) అని ఉంటే పేరు చెప్పి వాడుకోవచ్చు. పక్కన ఎన్‌డీ (ND, అంటే నో డెరివేటివ్స్) కూడా ఉంటే మార్చినది పంచుకోకూడదు. మ్యాపులో ఊళ్ల పేర్లు తెలుగులోకి మార్చినా అది మార్పే. తెలుగులో థీసిస్ రాసేవాళ్లకు ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ఆ అమ్మాయి మ్యాపు తీసేసి, మార్పులకు ఒప్పుకునే లైసెన్సు ఉన్నది వెతికింది. కింద గీసినవారి పేరు, లైసెన్సు, "ఊళ్ల పేర్లు నేను తెలుగులో రాశాను" అని చేర్చింది. రాగిరేకు ఫోటో కోసం ప్రచురణకర్తకి ఉత్తరం రాసింది. జవాబు వచ్చాకే బైండింగ్ అని షాపులో చెప్పేసి వచ్చాం.