మీ ప్రయాణపు ఫొటో పోస్టుకార్డు కావాలంటే: కొన్ని అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో డిజిటల్ ప్రింటింగ్ పని చేస్తున్నాను. సెలవులు ముగిశాయంటే చాలు, కాశీ ఘాట్లవో, ఊటీ తోటలవో, మన లక్నవరం వేలాడే వంతెనవో ఫొటోలు ఫోన్లో తెచ్చి "వీటిని పోస్టుకార్డులుగా వేసిస్తారా, మా వాళ్లకు పంపుకుంటాం" అని అడిగేవారు ఈమధ్య పెరిగారు. దాదాపు అందరూ ఫొటో గురించే మాట్లాడతారు. కార్డు వెనక వైపు సంగతి అడిగేవారు అరుదు. నేను చూసిన పొరపాట్లలో సగానికి పైగా ఆ వెనక వైపునే పుట్టాయి, వాటిలో మొదటిది నాదే.

అపోహ: ఫొటో ల్యాబ్‌లో ప్రింట్ తీయించి, వెనక చిరునామా రాస్తే అదే పోస్టుకార్డు.

వాస్తవం: ఫొటో కాగితానికి రెండు వైపులా సన్నని ప్లాస్టిక్ పూత ఉంటుంది. దానిమీద బాల్‌పెన్ను జారుతుంది, జెల్‌పెన్ను సిరా ఎంతకీ ఆరదు, స్టాంపు జిగురు పట్టదు, పోస్టాఫీసు ముద్ర పూసుకుపోతుంది. ఈ సంగతి నాకు ముందే తెలుసని చెప్పుకోలేను. రామప్ప గుడి ఫొటోలతో మొదటిసారి నా సొంతానికి వేసుకున్న కార్డులకు, వానకు తడవకుండా ఉంటాయన్న తెలివితో, రెండు వైపులా గ్లాసీ లామినేషన్ (మెరిసే ప్లాస్టిక్ పొర) చేయించాను. కరీంనగర్‌లోని మేనమామకు అందిన కార్డుమీద స్టాంపు ఊడిపోయి జిగురు మరక మాత్రం మిగిలింది. ఆయన ఫోన్ చేసి "అల్లుడూ, గుడి మస్తుగుంది గని, నువ్వు రాసిందేందో ఒక్క ముక్క సమజ్ కాలే" అన్నారు.

అప్పటినుంచి నేను పాటించే పద్ధతి ఇది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కార్డు తీసుకొని, బొమ్మ ఉన్న వైపు మాత్రమే మ్యాట్, అంటే మెరుపు లేని, లామినేషన్ చేసి, వెనక వైపును ఏ పూతా లేకుండా వదిలేస్తాను. అంతకంటే పలుచని కార్డుకు ఒకవైపే లామినేషన్ చేస్తే వానకాలపు తేమకు అది అప్పడంలా వంగిపోతుంది. మందం ఎక్కువైతే బరువు పెరుగుతుందన్న భయం అక్కరలేదు. ఏ6 సైజులో (ఏ4 కాగితంలో నాలుగో వంతు) 300 జీఎస్ఎం కార్డు 5 గ్రాములైనా తూగదు. మీరు ఎక్కడ వేయించుకున్నా, డబ్బు కట్టేముందు అదే కాగితం ముక్క ఒకటి అడిగి తీసుకోండి. మీ పెన్నుతో దానిమీద నాలుగు అక్షరాలు రాసి, పది అంకెలు లెక్కపెట్టి, బొటనవేలితో రుద్దండి. సిరా చెదిరితే ఆ కాగితం వద్దని నిస్సంకోచంగా చెప్పండి.

అపోహ: ఫోన్ ఫొటో అచ్చుకు పనికిరాదు.

వాస్తవం: ఏ6 కార్డు 148 మిల్లీమీటర్ల పొడవు, 105 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన దానికి సుమారు 1750 × 1240 పిక్సెళ్లు, అంటే రెండు మెగాపిక్సెళ్లకు కాస్త ఎక్కువ చాలు. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ కెమెరా దానికి ఐదు రెట్లకు పైగా ఇస్తుంది. చిక్కు కెమెరాతో కాదు, వాట్సాప్‌తో. మామూలుగా పంపిన ఫొటోను అది కుదించేస్తుంది. గ్రూపులో చక్కర్లు కొట్టి వచ్చిన ఫొటోలో ఆకాశం మొత్తం గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. అదే ఫొటోను డాక్యుమెంట్ రూపంలో పంపితే ఉన్నది ఉన్నట్టుగా చేరుతుంది.

అపోహ: ఫోన్ తెరమీద కనిపించిన రంగే కార్డుమీదా వస్తుంది.

వాస్తవం: తెర వెలుగును వెదజల్లుతుంది, కాగితం తనమీద పడిన వెలుగునే తిప్పి పంపుతుంది. కాబట్టి అచ్చులో ప్రతి ఫొటో ఒక పాలు చీకటిగానే వస్తుంది. రామప్పనే తీసుకోండి. 1213 నాటి ఆ గుడి బయటి గోడలు ఎర్రటి ఇసుకరాయి, చూరు కింది మదనికలు, అంటే స్త్రీ శిల్పాలు, మాత్రం నున్నటి నల్లరాయి. మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోలో చూరు నీడ సరిగ్గా ఆ మదనికలమీదే పడుతుంది. తెరమీద నడుము వంపు, నగల చెక్కడం స్పష్టంగా కనిపించినా అచ్చులో అవన్నీ కలిసి ఒకే నల్ల మచ్చ అవుతాయి. అందుకే ఇటువంటి ఫొటోల్లో నీడ భాగాలను మాత్రమే కొంచెం తేలికపరచి, ముందు ఒక్క కార్డు వేసి, దాన్ని ట్యూబ్‌లైటు కింద కాకుండా గుమ్మం దగ్గరి పగటి వెలుతురులో చూస్తాను. మొత్తం ఫొటోను తెల్లబరిచే సత్వర ఫిల్టర్లు వాడితే ఇసుకరాయి ఎరుపు పోయి సున్నం కొట్టిన గోడలా తయారవుతుంది. ఆ పని దయచేసి చేయకండి.

అపోహ: ఫొటో ఎంత ఉంటే కార్డుమీద అంతా వస్తుంది.

వాస్తవం: ఫోన్ ఫొటో సాధారణంగా 4:3 నిష్పత్తిలో ఉంటుంది, కార్డు దానికంటే కాస్త సాగి ఉంటుంది. పైగా కోతలో తెల్ల అంచు మిగలకుండా నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల చొప్పున ఎక్కువగా అచ్చువేసి కత్తిరిస్తాం. ఈ రెండూ కలిస్తే అడ్డంగా తీసిన ఫొటోలో ఎత్తు దాదాపు పదో వంతు పోతుంది. వరంగల్ కోటలోని కాకతీయ తోరణాన్ని ఫ్రేము నిండా బిగించి తీసినవారికి పై దూలంమీది హంసలు దక్కవు. పోస్టుకార్డు కోసం తీసేటప్పుడు రెండడుగులు వెనక్కి జరగండి.

అపోహ: పదో పదిహేనో కార్డులు ఎవరూ వేయరు.

వాస్తవం: ముందుగా పలకలు చేసి పెద్ద సంఖ్యలో అచ్చువేసే ఆఫ్‌సెట్ కాలపు మాట ఇది. ఇప్పుడు డిజిటల్‌లో 13 × 19 అంగుళాల షీటుమీద ఎనిమిది వేర్వేరు ఫొటోలతో ఎనిమిది కార్డులు వస్తాయి.

అపోహ: పోస్టుకార్డే కదా, 50 పైసల స్టాంపు చాలు.

వాస్తవం: 50 పైసలన్నది తపాలా శాఖ అమ్మే మామూలు పోస్టుకార్డు ధర. అచ్చువేసిన సమాచారం ఉన్న కార్డుకు 6 రూపాయలు. బొమ్మ వివరంగా మనం వెనక వేయించే రెండు వాక్యాలను చూసి కౌంటర్‌లో దాన్ని ముద్రిత కార్డుగా లెక్కగట్టవచ్చు కాబట్టి నేను 6 రూపాయలే అంటిస్తాను. తక్కువ అంటించి, ఆ లోటు భారం అందుకున్నవారిమీద వేయడం మర్యాద కాదు. విదేశాలకు వేరే రేటు ఉంటుంది. కార్డు చేతిలో పట్టుకొనే కౌంటర్‌లో అడగండి. స్టాంపు వెనక జిగురును మాత్రం నమ్ముకోవద్దు, కౌంటర్ పక్కన ఉండే జిగురు డబ్బా వాడండి.

అపోహ: చిరునామా తెలుగులో రాస్తే చేరదు.

వాస్తవం: తెలుగు రాష్ట్రాల్లో నిక్షేపంగా చేరుతుంది, పిన్‌కోడ్ సరిగ్గా ఉంటే చాలు. 1972 నుంచి ఉన్న ఈ ఆరంకెల ఏర్పాటు ఉద్దేశాల్లో భాషల చిక్కును, ఒకే పేరున్న ఊళ్ల చిక్కును తప్పించడం ఒకటి. ఇతర రాష్ట్రాలకైతే ఇంగ్లీషులోనూ రాయడం మంచిది. విదేశాలకైతే దేశం పేరును చివరి వరుసలో ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో రాయాలి. కార్డు వెనక వైపు నడిమి గీతకు కుడి సగం చిరునామాకు, స్టాంపుకు. ఎడమ సగం మీ మాటలకు. మాటలు గీత దాటి చిరునామాలోకి వెళ్తే పోస్ట్‌మ్యాన్ ఏది చదవాలి? కార్డు అడుగున వేలెడు వెడల్పు ఖాళీ వదలడం కూడా మంచిది, ఎందుకంటే చాలా దేశాల్లో యంత్రాలు అక్కడే బార్‌కోడ్ కొడతాయి.

అపోహ: కవరులో పెట్టి పంపడమే క్షేమం.

వాస్తవం: అంచులు నలగకుండా ఉండే మాట నిజమే, 20 గ్రాములలోపు ఉత్తరంగా 5 రూపాయలకే పోతుంది కూడా. కానీ అప్పుడు తేదీ ముద్ర కవరుమీద పడుతుంది, కార్డుమీద కాదు. ఆ ముద్ర కావాలనుకునేవారు డబ్బాలో వేయకుండా కార్డును కౌంటర్‌లో ఇచ్చి, చేత్తో ముద్ర కొట్టమని అడగాలి. రద్దీ లేని వేళ వెళ్తే చాలాచోట్ల కాదనరు. ముద్ర పడ్డాక ఒక నిమిషం ఆరనిచ్చి కట్టలో కలపమని కూడా చెప్పండి.