జంపఖానా మీద కూర్చొని రాస్తున్న ఉత్తరం

బిడ్డలారా,

మొన్న మీరు వరంగల్ వచ్చినప్పుడు మీ క్లాసులో కొత్తగా చేరిన పిల్లాడి సంగతి చెప్పారు. వాళ్ల అమ్మానాన్న ఒడిశా నుంచి పెద్దపల్లికి ఇటుక బట్టీల పనికి వచ్చారని, వాడికి తెలుగు రాదని, అందరూ "బయటోడు" అంటున్నారని. చెబుతూ మీరూ నవ్వారు. ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఆ మాట నేను చిన్నప్పుడు పడ్డాను.

మా పెదనాయన కొత్తవాడలో మగ్గం విప్పేసి భీవండికి పోయాడు. మన పద్మశాలీలు ఎంతోమంది అట్లాగే భీవండి, సూరత్, షోలాపూర్ పోయారు. ఒక ఎండాకాలం నేనూ అక్కడ ఉన్నాను. వీధిలో పిల్లలు మరాఠీలో ఏదో అడిగితే నేను నోరు తెరవలేకపోయాను. వాళ్లు నవ్వారు. వారం రోజులు గది దాటి బయటికి రాలేదు. ఇప్పుడు పెదనాయన మనవలు మరాఠీ గడగడా మాట్లాడతారు, బతుకమ్మ పాటలూ పాడతారు. వాళ్లను అక్కడివాళ్లనాలా, ఇక్కడివాళ్లనాలా?

మీరు మా ఇంట్లో పొర్లాడే ఈ గీతల జంపఖానా చూడండి. వరంగల్ జంపఖానా అంటే దేశమంతా పేరు, 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు ప్రత్యేక సరుకని చెప్పే గుర్తింపు కూడా వచ్చింది. పదిహేడో శతాబ్దంలో మొఘల్ సైన్యాలు దక్కనుకు వచ్చినప్పుడు వాటి వెంట వచ్చిన నేతగాళ్లు ఈ పని ఇక్కడ మొదలుపెట్టారని పెద్దలు చెబుతారు. పడుగు, పేక మన మాటలే. జంపఖానా అన్న పేరు మాత్రం ఫారసీ నుంచి వచ్చింది. ఎవరో పరాయి మనిషి మన మనిషి పక్కన కూర్చొని నూలు ఎట్లా బిగించాలో చూపించి ఉంటాడు. మనవాడు సిగ్గుపడకుండా నేర్చుకొని ఉంటాడు. ఎన్ని పెళ్లిళ్లలో ఎంతమంది వీటి మీద కూర్చొని భోంచేశారో!

మీరు కోట చూశారు, తోరణాలు చూశారు. అక్కడినుంచి ఏలిన గణపతిదేవుడు సముద్రం ఒడ్డున మోటుపల్లిలో ఒక శాసనం వేయించాడు. అది 1244-45 నాటిది. అంతకుముందు తుపానులో ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు మొత్తం లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి వచ్చిన వర్తకుడు కట్టుబట్టలతో మిగిలేవాడు. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు. న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని దూరదేశాల వాళ్లకు అభయమిచ్చాడు. దాన్ని అభయశాసనం అనే అంటారు. నాకు కోటలో రాళ్లకన్నా ఆ మాట మీదే ఎక్కువ గౌరవం.

మీతో చదివే తండా పిల్లల ముత్తాతలు రాజస్థాన్ వైపు నుంచి ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ వచ్చారు. రైళ్లు, రోడ్లు వచ్చి ఆ బేరం పోయాక ఇక్కడే వ్యవసాయంలో పడ్డారు. శ్రావణంలో తీజ్‌కు వాళ్ల ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచుతారు. పిలిస్తే తప్పకుండా వెళ్లండి, ఆ పచ్చటి మొలకలు చూడాల్సిందే. కాజీపేట జంక్షన్ సంగతి చెబితే ఈ కాగితం చాలదు. రైల్వే క్వార్టర్సులో ఒక్కో ఇంట్లో ఒక్కో భాష వినిపించేది.

ఇక మీ క్లాసు పిల్లాడు. బట్టీల వాళ్లు వానలు తగ్గాక వస్తారు, మళ్లీ వానలకు ముందే వెళ్లిపోతారు. అంటే వాడు మీతో ఉండేది కొన్ని నెలలే. చాలామంది బలంగీర్ వైపు నుంచి వస్తారు. ఆ ప్రాంతమంతా నేతకు పేరు. నూలును ముందే ముడులు కట్టి, రంగుల్లో ముంచి, తర్వాత నేస్తారు. వాళ్లు దాన్ని బంధ అంటారు, మన పోచంపల్లిలో చిటికి అంటారు.

సంక్రాంతి సెలవులకు వచ్చేటప్పుడు వాళ్ల అమ్మానాన్నను అడిగి, ఒప్పుకుంటే వాణ్ణి కూడా తీసుకురండి. ముందుగా ఫోన్ చేయండి, నాయనమ్మ సకినాలు ఎక్కువ చేస్తుంది. నా పాత మగ్గం ఇంకా నడుస్తుంది. పడుగునూ పేకనూ ఒడియాలో ఏమంటారో వాణ్ణి అడిగి నేర్చుకోవాలని ఉంది.

ఇట్లు,
మీ తాత