వెళ్లాలనుకుంటున్నది ఊరికా, తరగతికా?

చిరంజీవులకు,

డిగ్రీ చేతికి రాగానే ఏదో ఒక దేశం వెళ్లి ఇంగ్లీషు చెప్పాలన్న ఆలోచన మీలో కొందరికి గట్టిగానే ఉన్నట్టుంది. మంచిదే. ఆ వయసులో లోకం చూడాలనిపించకపోతే ఇంకెప్పుడు అనిపిస్తుంది? వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కానీ మీరు నన్ను అడిగినవన్నీ ఊళ్ల గురించిన ప్రశ్నలే. టోక్యో మేలా, సియోల్ మేలా, స్పెయిన్‌లో వాతావరణం ఎలా ఉంటుంది అన్నారు. తరగతి సంగతి ఒక్కరూ ఎత్తలేదు. అక్కడికి వెళ్లాక వారంలో ఐదు రోజులు మీరు గడిపేది తరగతిలోనే. ఊరికి మిగిలేది తక్కిన రెండు రోజులు.

పైగా ఊరు మీరు ఎంచుకున్నదే దొరుకుతుందన్న భరోసా లేదు. విదేశీయులను పిలిపించి బడుల్లో ఇంగ్లీషు చెప్పించడానికి జపాన్ 1987 నుంచి నడుపుతున్న జెట్ కార్యక్రమాన్నే తీసుకోండి. ఎక్కడ పనిచేయాలనుందో దరఖాస్తులో అడుగుతారు గానీ, అక్కడికే పంపుతామని మాట ఇవ్వరు. టోక్యోను ఊహించుకుని బయల్దేరినవాళ్లు పొలాల మధ్య ఉన్న చిన్న ఊరి బడిలో తేలడం మామూలే. ఉద్యోగం పేరు అసిస్టెంట్ లాంగ్వేజ్ టీచర్. తరగతి బాధ్యత అక్కడి ఉపాధ్యాయులది, మీరు వాళ్లకు తోడు. ఒక బడిలో పాఠమంతా మీ చేతిలో పెడతారు. ఇంకో బడిలో పుస్తకంలోని వాక్యాలు పైకి చదవడం తప్ప పనే ఉండదు. అటువంటి చోట ఏడాది గడపాలంటే ఓర్పు కావాలి. ఉత్సాహవంతులే ముందుగా విసిగిపోతారు.

దక్షిణ కొరియా సంగతి ఇంకోలా ఉంటుంది. ప్రభుత్వ బడుల కోసం 1995లో మొదలైన ఎపిక్ కార్యక్రమం ఉంది. అది కాకుండా హగ్వాన్లు అనే ప్రైవేటు శిక్షణ కేంద్రాలు వీధి వీధికీ ఉన్నాయి. పిల్లలు బడి అయ్యాక అక్కడికి వస్తారు కనుక, చాలా చోట్ల మీ పనివేళలు మధ్యాహ్నం మొదలై రాత్రిదాకా సాగుతాయి. సియోల్‌లో రాత్రి 10 గంటలు దాటాక పాఠాలు చెప్పకూడదని నిబంధన పెట్టాల్సి వచ్చిందంటే, లేకపోతే ఎంతవరకు నడిపేవారో మీరే ఊహించుకోండి. స్పెయిన్ ప్రభుత్వ బడుల్లో సహాయకులకు వారానికి 12 నుంచి 16 గంటలే పని. ఇచ్చేది జీతం కాదు, భృతి. ఖాళీ సమయం బాగా దొరుకుతుంది, డబ్బు అంతగా మిగలదు.

ఇప్పుడు అసలు విషయం. ఇంగ్లీషు రావడం వేరు, చెప్పడం వేరు. ఈ వాక్యంలో 'ద' ఎందుకు పెట్టారు, ఆ వాక్యంలో ఎందుకు తీసేశారు అని ఒక పిల్లవాడు అడుగుతాడు. జపనీస్‌లో, కొరియన్‌లో 'ఎ', 'ద' లాంటి ఆర్టికల్స్ లేవు, అందుకే వాడికి ఆ సందేహం. పుట్టినప్పటి నుంచి ఇంగ్లీషు మాట్లాడినవాళ్లలో చాలామంది 'మేం అలాగే అంటాం' అని ఊరుకుంటారు. మన తెలుగులోనూ ఆర్టికల్స్ లేవు. తప్పులు చేస్తూ, దిద్దించుకుంటూ నేర్చుకున్నవాళ్లం కనుక ఆ పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో మనకు తెలుస్తుంది. నన్నడిగితే ఉపాధ్యాయుడికి ఉచ్చారణ కంటే ఇదే పెద్ద అర్హత.

కానీ వీసా నిబంధనలు రాసేవాళ్లు నన్నడగలేదు. కొరియాలో భాష బోధించేవారికి ఇచ్చే ఇ-2 వీసా ఇంగ్లీషు విషయంలో సాధారణంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకే. మీ ఇంగ్లీషు ఎంత చక్కనిదైనా ముందు చూసేది పాస్‌పోర్టునే. నాకిది మింగుడుపడని నిబంధన. అయినా ఉన్నది ఉన్నట్టు తెలుసుకోవాలి. కాబట్టి దేశం మీద మనసు పడేముందు మీ పాస్‌పోర్టుకు అక్కడ తలుపు తెరుస్తారా లేదా చూసుకోండి. టూరిస్టు వీసా మీద వచ్చి చేరండి, కాగితాలు తర్వాత చూద్దాం అనే వాళ్లకు జవాబు కూడా ఇవ్వకండి. పట్టుబడితే వెనక్కి పంపేది మిమ్మల్ని.

శిక్షణ విషయంలో పిసినారితనం వద్దు. ఇంగ్లీషు చెప్పడం నేర్పే సెల్టా కోర్సులో సుమారు 120 గంటల శిక్షణ ఉంటుంది. అందులో 6 గంటలు నిజమైన విద్యార్థుల ఎదుట నిలబడి పాఠం చెప్పాలి, వెనుక కూర్చుని ఒకరు తప్పులు రాసుకుంటారు. ఒళ్లు చెమట పట్టే వ్యవహారమే, కానీ ఆ 6 గంటలే ఆ కోర్సుకు ప్రాణం. ఒక్క పాఠం కూడా చెప్పించకుండా ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్లు ఇచ్చేవి కూడా ఉన్నాయి. అవి దరఖాస్తుకు పనికొస్తే రావచ్చు, సోమవారం ఉదయం తరగతిలో మాత్రం ఆదుకోవు. డిగ్రీ పట్టాకు, పోలీసు ధ్రువపత్రానికి అపోస్టిల్ ముద్ర, అంటే విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ, వేయించడానికి వారాలు పడుతుంది, ముందే మొదలుపెట్టండి.

ఒప్పందంలో జీతం అంకె చూసి మురిసిపోకండి. పాఠం చెప్పే గంటలు ఎన్ని, బడిలో కూర్చోవాల్సిన గంటలు ఎన్ని? ఇల్లు ఎవరిది, విమానం టికెట్ ఎవరిది, మధ్యలో మానేస్తే వీసా ఏమవుతుంది? కొరియాలో ఏడాది పూర్తి చేస్తే దాదాపు నెల జీతం విడిగా ఇవ్వాలని చట్టం ఉంది. ఒప్పందం పదకొండు నెలలకే రాసి ఉంటే ఎందుకో అడగండి.

ఒక ఏడాదికని వెళ్లి ఐదేళ్లు ఉండిపోయేవాళ్లూ ఉన్నారు. జెట్‌లో గరిష్ఠ పరిమితి కూడా ఐదేళ్లే. ఉండిపోవడం తప్పు కాదు. అయితే అన్నాళ్లూ సహాయకులుగానే ఉంటే ఐదో ఏడు చేసేది మొదటి ఏడు చేసిన పనే. బోధనే వృత్తి అనుకునేవాళ్లు మూడో ఏటికల్లా పై చదువో, పూర్తి స్థాయి ఉపాధ్యాయ అర్హతో చూసుకోవాలి. ఏడాది తిరిగి చూసి వద్దామనుకునేవాళ్లు ఆ మాట తమకు తాము ఒప్పుకుని వెళ్లాలి. అందులో సిగ్గుపడాల్సింది లేదు, పాఠం మాత్రం శ్రద్ధగా చెప్పాలి.

దరఖాస్తు పెట్టేముందు ఒక పని చేయండి. ఇంగ్లీషు అస్సలు రాని ఒకరికి, చుట్టమైతే మరీ మంచిది, రోజూ ఒకే వేళకు నెలరోజులు పాఠం చెప్పండి. మూడో వారంలో కూడా రేపటి పాఠం ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నారో, వేళ ఎప్పుడు అవుతుందా అని గడియారం చూస్తున్నారో నాకు రాయండి. ఒప్పందం వచ్చినవాళ్లు సంతకం పెట్టేముందు దాని నకలు పంపండి. సన్న అక్షరాలు చదివే అలవాటు నాకింకా పోలేదు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ